ముందు ఆయన్ని కూర్చోబెట్టు అమ్మీ

అమ్మీ,

కర్నూలులో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో కౌన్సెలరుగా చేరి నెల కాకముందే నీకూ ఆ ప్రశ్న ఎదురైందన్నమాట. "మేడం, ఆర్‌ఎన్‌ఏతో హెచ్‌ఐవీ నోరు మూయిస్తారంట, ఇంక ఈ మాత్రలు మింగాల్నా?" అని. ఏం చెప్పాల్నో తోచలేదని రాసినావు.

నేను చేసిన తప్పు నువ్వు చెయ్యొద్దు. ఒకాయన పేపర్ కటింగు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకొచ్చినాడు. బయట లైను పెద్దది. "అవన్నీ నీకెందుకప్పా, మాత్రలు మింగు" అని పంపించేసినా. మూడు నెలలు మనిషి పత్తా లేడు. తిరిగొచ్చేసరికి నాలుక మీద మీగడ కట్టినట్టు తెల్లటి పూత, గుటక పడటం లేదు. బతికినాడు గానీ, ఆ మడతలు నేను విప్పి చూసుంటే ఆ తిప్పలు ఉండేవి కావేమో.

కాబట్టి ముందు కూర్చోబెట్టు. ఆయన చదివింది అబద్ధం కాదని చెప్పు. ఆర్‌ఎన్‌ఏ ముక్కతో జన్యువు నోరు మూయించొచ్చని 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనే సైంటిస్టులు చిన్న పురుగుల్లో కనిపెట్టినారు. 2006లో నోబెల్ వచ్చింది. తర్వాత ఎమ్మార్వో ఆఫీసు మాట ఎత్తు. మన సీమ రైతుకు అంతకంటే బాగా తెలిసిందేముంది? మన కణంలోని డీఎన్‌ఏ అసలు రికార్డు అనుకో, హెచ్‌ఐవీ అందులో తన దొంగ పేజీ కుట్టేస్తుంది. కణం అది మనదే అనుకుని జిరాక్సులు తీస్తుంది, ఆ జిరాక్సులే ఆర్‌ఎన్‌ఏ. వాటితోనే కొత్త వైరసులు తయారు. 21 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను లోపలికి పంపితే, కణంలోని ప్రొటీన్లు దాన్ని పట్టుకుని, దానికి సరిజోడైన జిరాక్సును వెతికి కత్తిరిస్తాయి. ల్యాబులో 2002లోనే చేసి చూపినారు.

ఇక్కడ తొందరపడొద్దు. వైరసు ఒక్క అక్షరం మార్చుకున్నా ఆ ముక్కకు దొరక్కుండా పోవచ్చు. అందుకే ఒకేసారి మూడు నాలుగు చోట్ల కత్తిరించాలని చూస్తున్నారు. ఈ మాట దగ్గర ఆయన మాత్రను అరచేతిలో పెట్టి చూపించు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులూ అందులో కలిపిందీ ఇందుకే, ఒకదాన్ని తప్పించుకున్నా మిగతావి పట్టుకుంటాయని. ఇది విన్నాక ఆ మాత్రను చూసే చూపే మారుతుంది, నేను కళ్లారా చూసినా.

జిరాక్సులు చింపినా రికార్డులో పేజీ పోదు. మాత్రలూ దాన్ని తీసెయ్యలేవు, కొత్త కణాల్లో కుట్టకుండా ఆపుతాయి. మానేస్తే కొన్ని వారాల్లోనే వైరసు లేచి కూర్చుంటుంది. ఆ పేజీనే తెరవనీకుండా తాళమేసే ఆర్‌ఎన్‌ఏల మీదా పరిశోధన నడుస్తోంది. నాకు దాని మీదే ఆశ. ఇంకో చిక్కు, మందు చేరాల్సిన చోటు. ఈ తరహాలో మొదటి మందుకు 2018లో అనుమతి వచ్చింది, అదీ వేరే జబ్బుకు, లివరుకు చేరేది. హెచ్‌ఐవీ దాక్కునేది తెల్ల రక్తకణాల్లో, లింఫు గ్రంథుల్లో.

ఎప్పుడొస్తుందని అడిగితే సంవత్సరం చెప్పొద్దు. రోజూ మాత్ర వేసుకుని వైరల్ లోడు, అంటే రక్తంలో వైరసు లెక్క, పరీక్షలో కనపడనంత తక్కువలో ఉంచుకుంటే, కాపురం చేసినా భార్యకు అంటదని మాత్రం గట్టిగా చెప్పు.

పంపే ముందు ఆ రికార్డు కథ ఆయన చేతనే తిరిగి చెప్పించు. ఎక్కడన్నా తడబడితే మళ్లీ మొదలుపెట్టు, బయట లైను ఎంతున్నా సరే.

మీ పెద్దమ్మ,
అనంతపురం