‘రెండు రోజుల పనే కదా’ అన్నప్పుడు లైన్ మేనేజర్ ఏం చేయాలి?

మీరు ఒక విభాగానికి మేనేజర్, ప్రాజెక్టు మేనేజర్ కారు. మీ మనుషులు ఒకేసారి నాలుగైదు ప్రాజెక్టులకు పనిచేస్తారు. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ మీకు నిజంగా అవసరమా, అవసరమైతే ఏది ముందు నేర్చుకోవాలి అన్నది మీ ప్రశ్న.

అవసరమే. అయితే చార్టులు గీయడం, వాటి సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం తర్వాత చూసుకోవచ్చు. ఆ పని ఎలాగూ ప్రాజెక్టు మేనేజర్లు చేస్తారు. మన చేతిలో ఉండేవి మనుషుల సమయం, ఆ సమయం మీద మనం ఇచ్చే మాట. ఆ మాట ఎలా ఇవ్వాలో తెలియడానికి నాకు ఒక గట్టి దెబ్బే తగిలింది.

నేను ఒక యంత్రపరికరాల సంస్థలో టెస్టింగ్ విభాగం చూసేవాణ్ని. మొత్తం తొమ్మిది మందిమి. వైబ్రేషన్ పరీక్ష క్షుణ్ణంగా తెలిసినవారు ఒక్కరే. ఒకసారి మూడు ప్రాజెక్టులవాళ్లు ఒకే వారంలో ఆయన కోసం వచ్చారు. ‘రెండు రోజుల పనే కదా’ అన్నారు ముగ్గురూ. ముగ్గురికీ సరేనన్నాను. వారానికి పనిరోజులు 5, నేను ఒప్పుకున్నవి 6. ఆ చిన్న కూడిక కూడా వేసి చూసుకోలేదు.

పైగా ఆ రెండు రోజులు పరీక్షకు మాత్రమే. వస్తువును షేకర్ అనే కంపన యంత్రం మీద బిగించాలంటే దాని ఆకారానికి తగిన ఫిక్స్చర్, అంటే దాన్ని పట్టి ఉంచే చట్రం, వర్క్‌షాపు నుంచి రావాలి. వచ్చాక బోల్టులన్నీ సమానంగా బిగించి, సెన్సర్లు అతికించి, ఒక దిశలో కంపింపజేయాలి. తర్వాత విప్పి, తిప్పి, మళ్లీ బిగించి రెండో దిశ, ఆపైన మూడోది. చివర రిపోర్టు, దాని మీద సంతకం. మూడో ప్రాజెక్టు విషయంలో ఫిక్స్చర్ కోసం 4 రోజులు, ముందున్న పరీక్షలు ముగియడానికి మరో 3, పరీక్షకు 2, రిపోర్టుకు 1. రెండు రోజుల పనికి 10 రోజులు పట్టింది. పనికి పట్టే శ్రమ వేరు, అది చేతికి వచ్చే గడువు వేరు. అడిగినవాళ్లు శ్రమ గురించి మాట్లాడుతుంటే నేను గడువు ఇచ్చేశాను.

అంతకన్నా బాధించింది మరొకటి. ముగ్గురిలో గట్టిగా పట్టుబట్టినవారి పని ముందు చేయించాను. వారి షెడ్యూలులో మా పరీక్షకు 12 రోజుల వెసులుబాటు ఉందని తర్వాత తెలిసింది. మారుమాట లేకుండా వరుసలో ఉన్న మూడో ప్రాజెక్టుకు ఒక్క రోజు కూడా లేదు. మా రిపోర్టు ఎన్ని రోజులు ఆలస్యమైందో వారి డెలివరీ అన్ని రోజులూ వెనక్కి పోయింది. ఆ ప్రాజెక్టు మేనేజర్ కోప్పడలేదు. ‘మీరు అడిగి ఉంటే షెడ్యూలు చూపించేదాన్ని’ అన్నారు. నిజానికి నేను ఎప్పుడూ అడగలేదు.

కాబట్టి మొదట నేర్చుకోవలసింది క్రిటికల్ పాత్. 1957 ప్రాంతంలో డ్యూపాంట్, రెమింగ్టన్ రాండ్ సంస్థల నిపుణులు రూపొందించిన పద్ధతి ఇది. ఒకదాని తర్వాత ఒకటిగా జరగవలసిన పనుల్లో అన్నిటికన్నా పొడవైన గొలుసే ప్రాజెక్టు ముగిసే తేదీని నిర్ణయిస్తుంది. ఆ గొలుసులో లేని పనికి కొంత వెసులుబాటు ఉంటుంది, దాన్ని ఫ్లోట్ అంటారు. లెక్క మీరు కట్టనక్కరలేదు. పని అడగడానికి వచ్చినవారిని ‘ఇది వారం ఆలస్యమైతే మీ చివరి తేదీ ఎన్ని రోజులు వెనక్కి జరుగుతుంది?’ అని అడగండి. జవాబు తోచకపోతే షెడ్యూలు తెరిచి ఇద్దరూ కలిసి చూడండి.

రెండోది అంచనా. 1958లో అమెరికా నౌకాదళం పోలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం తయారుచేసుకున్న పెర్ట్ పద్ధతిలో ఒక పనికి మూడు అంకెలు అడుగుతారు. అన్నీ కలిసివస్తే 4 రోజులు, మామూలుగా 6, చెడితే 14 అనుకుందాం. మామూలు అంకెను 4తో గుణించి, మిగతా రెండూ కలిపి, 6తో భాగిస్తే 7 వస్తుంది. నాకు ఆ ఏడు కన్నా ఆ 14 ఎక్కువ ఉపయోగపడింది. పని చేసే మనిషినే పిలిచి, చెడితే ఎందువల్ల చెడుతుందో చెప్పమన్నాను. ఫిక్స్చర్ అన్నారు. అప్పటి నుంచి డిజైను ఖాయమైన రోజునే డ్రాయింగు తెప్పించుకుని వర్క్‌షాపుకు పంపాం.

గోడ మీద ఒక కాగితం కూడా పెట్టుకున్నాను. అడ్డంగా వారాలు, నిలువుగా పేర్లు, పెన్సిలుతో రోజులు. ఎవరి గడిలోనూ వారానికి 4 రోజులకు మించి రాసేవాణ్ని కాదు. సెలవులు, మళ్లీ చేయవలసిన పరీక్షలు, యంత్రం మొరాయించడం ఆ మిగిలిన రోజును ఎలాగూ తినేసేవి. ఖాళీ ఎందుకని పైవాళ్లు అడుగుతారు. నిండా నింపిన వారంలో ఒక్క పరీక్ష విఫలమైనా దాని తర్వాతవన్నీ వెనక్కి జరుగుతాయని కాగితం చూపించి వివరించాను. ఒప్పించడానికి రెండు మూడుసార్లు పట్టింది.

ఇద్దరు ప్రాజెక్టు మేనేజర్లకు ఒకే మనిషి కావలసి వస్తే మీరొక్కరే తేల్చకండి. ఇద్దరినీ కూర్చోబెట్టండి. అక్కడా తెగకపోతే రెండు ప్రాజెక్టులనూ చూసే పై అధికారి దగ్గరకు ముగ్గురూ కలిసి వెళ్లండి. ఏ ప్రాజెక్టు ముందన్నది సంస్థ నిర్ణయం. ఏది ఎంచుకుంటే ఎవరికి ఎన్ని రోజులు పడుతుందో నిజం చెప్పడం మీ వంతు.

ఆ నెల అంతా ఆ నిపుణుడు రాత్రి దాకా ఉండి పనిచేశారు, నేను ఇచ్చిన మాట కోసం. అది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. తర్వాత మరో ఇద్దరికి నేర్పమని ఆయననే కోరాను. వాళ్లు సొంతంగా రిపోర్టు ఇచ్చే స్థాయికి రావడానికి ఆరు నెలలు పట్టింది. మీ విభాగంలో ఒక్కరికే తెలిసిన పనులేవో ముందు రాసుకోండి. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ కోర్సులో ఎప్పుడు చేరాలన్నది ఆ కాగితం చూశాక ఆలోచించవచ్చు.