తెగని లెక్కను నలుగురి ముందు పెట్టవచ్చునా?

ప్రశ్న: డిగ్రీ కళాశాలలో గణితం బోధిస్తున్నాను. ఇన్ఫర్మేషన్ థియరీ (సమాచారాన్ని కొలిచే, తప్పుల్లేకుండా చేరవేసే గణితం)లో ఇంతవరకు తెగని సమస్యలు మా విద్యార్థులకు అందుతాయా? పరిశోధకులు తమ సమస్యను బయటపెడితే అది ఇతరుల పాలు కాదా?
– ఒక అధ్యాపకురాలు, మిర్యాలగూడ

జవాబు: తప్పక అందుతాయి, మేడమ్. ఈ శాస్త్రానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1956లో లోకం ముందు పెట్టిన సమస్యనే చూడండి. ఐదు అక్షరాలను వలయంగా పేర్చితే, పక్కపక్కన ఉన్నవాటిని అందుకునేవారు ఒకదానికొకటిగా పొరబడవచ్చు. ఒక్క తప్పూ రాకూడదంటే విడిగా రెండు అక్షరాలే వాడగలం కనుక రెండక్షరాల మాటలు నాలుగే వస్తాయనిపిస్తుంది. కానీ 11, 23, 35, 42, 54 అనే ఐదింటిలో ఏ రెండూ కలగాపులగం కావు. బోర్డు మీద రాస్తే ఇంటర్ పిల్లలు కూడా సరిచూడగలరు. మాట ఎంత పొడవైనా సగటున ఒక్కో అక్షరానికి దక్కే ఎంపికలు √5 దాటవని హంగేరీ గణితవేత్త లాస్లో లొవాస్ 1979లో గాని తేల్చలేదు. ఐదుకు బదులు ఏడు అక్షరాలు పెడితే ఆ హద్దు ఎంతో నేటికీ తెలియదు. అందులో ఐదక్షరాల మాటలు 350 దాకా దొరికి ఉండగా, స్వెన్ పోలాక్, అలెగ్జాండర్ స్ఖ్రైవర్ కలిసి వాటిని 367కు పెంచారు. లొవాస్ పద్ధతి ప్రకారం 401 దాటవు. ఆ నడుమ ఖాళీలో ఎవరైనా దిగవచ్చు.

ఇక మీ భయం సంగతి. దానికీ ఒక ఉదాహరణ చూడండి. పరిమిత సంఖ్యలో సమితులున్న గుంపులో ఏ రెండింటిని కలిపినా వచ్చే సమితి అదే గుంపులో ఉంటే, ఏదో ఒక మూలకం కనీసం సగం సమితుల్లో ఉండాలని హంగేరీ గణితవేత్త పీటర్ ఫ్రాంక్ల్ 1979లో ఊహించారు. 2022 నవంబరులో జస్టిన్ గిల్మర్ ఎంట్రోపీ (ఇన్ఫర్మేషన్ థియరీలో అనిశ్చితికి కొలత) సాయంతో సగానికి బదులు నూటికి ఒక వంతు మాత్రమే నిరూపించి, ఆ మాత్రం ఫలితాన్నే పరిశోధన పత్రాలను అందరికీ అందుబాటులో ఉంచే వెబ్‌సైట్ ఆర్కైవ్ (arXiv)లో పెట్టారు. కొద్ది రోజుల్లోనే ఇతరులు దానిని సుమారు 38 శాతానికి చేర్చారు. అయినా దారి చూపిన పేరు గిల్మర్‌దే.

సమస్యను పంచుకునేటప్పుడు నిర్వచనం, తెలిసిన హద్దులు, మన ప్రయత్నం ఎక్కడ ఆగిందో స్పష్టంగా రాసి తేదీ వేయాలి. ఆగిన చోటును చాలామంది దాచుకోవడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అదే దారిలో దిగబోయే విద్యార్థికి నెలల శ్రమ మిగిల్చేది ఆ సంగతే. పిహెచ్‌డి చేస్తున్నవారు మాత్రం ముందుగా గైడ్‌తో మాట్లాడి, ప్రీప్రింట్ (పత్రికలో అచ్చు కాకముందే ఆన్‌లైన్‌లో ఉంచే ప్రతి) పెట్టిన తరువాతే సెమినార్లలో చెప్పడం మేలు.

మీ తరగతిలో ఏడు అక్షరాల వలయంతో, ఏ రెండూ కలగాపులగం కాని రెండక్షరాల మాటలు పది కూర్చమనండి. పదకొండోది ఎందుకు కుదరదో డిగ్రీ గణితంతోనే నిరూపించవచ్చు.