స్లాలమ్‌ల నాలుగో కోన్ కాడనే బండి వెనక ఎందుకు జారుతది?

మీరు అడిగింది, వరుసగ పెట్టిన కోన్ల మధ్య స్పీడ్‌గ తిప్పుతుంటే మొదటి మూడు బాగనే దాటి నాలుగో దాని కాడ వెనక జారుతుంది, టైర్లు మార్చాల్నా అని కదా. ఇప్పుడే మార్చకండి అన్నా. నాలుగో కోన్ కాడ కనబడే తేడా మొదటి కోన్ కాడనే మొదలైతది.

మేం జడ్చర్ల దిక్కు ఒక వెంచర్‌ల ఓనర్‌ని అడిగి, ఇంకా ఇండ్లు రాని బీటీ రోడ్డు మీద, ఇసుక పోసిన వాటర్ బాటిళ్లు 18 మీటర్లకొకటి పెట్టుకొని ప్రాక్టీస్ చేస్తం. 50 స్పీడ్‌ల పోతే బాటిల్‌కి బాటిల్‌కి మధ్య దొరికేది 1.3 సెకన్లే. ఆ టైమ్‌లనే స్టీరింగ్ తిరగాలె, టైర్ సాగి పట్టు తెచ్చుకోవాలె, బాడీ ఇటు నుంచి అటు ఒరగాలె. కోన్ పక్కకొచ్చినంక తిప్పితే అప్పటికే లేట్, ఆ లేట్ పోయేది కాదు, తర్వాతి కోన్‌కి ఇంకొంచెం, దాని తర్వాత ఇంకొంచెం కలుస్తది, దారి వెడల్పైతది, స్టీరింగ్ ఎక్కువ తిప్పాల్సొస్తది, నాలుగో దాని కాడికొచ్చేసరికి గ్రిప్ మొత్తం అయిపోతది. అప్పుడు చాలామంది టక్కున యాక్సిలరేటర్ వదిలేస్తరు, బరువు ముందుకు పోయి వెనక తేలికైతది, జారుతది.

బండి మధ్యభాగం కోన్ల లైన్ నుంచి 1.2 మీటర్లు పక్కకు పోతుంది, గ్రిప్ 0.8 అనుకోండి, అంటే బండి బరువుల 0.8 వంతు బలం దాకా టైర్లు పక్కకు జారకుండ ఆపగలవు, అప్పుడు లెక్క ప్రకారం గంటకు 53 కిలోమీటర్ల దాకా పోవచ్చు. భయపడి 1.8 మీటర్లు పక్కకు పోతే 43కి పడిపోతది. ఇంకోటి, 40 నుంచి 50కి పెంచితే స్పీడ్ పెరిగేది పావు వంతే, పక్కకు లాగే బలం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతది. అందుకే మొదటి కోన్‌కి కొంచెం తక్కువ స్పీడ్‌లనే రావాలె, ఇది నేను గట్టిగ చెప్తా.

ఎత్తు సంగతి కూడా ఉంది. పత్తి ఎత్తుగ నింపిన ట్రాక్టర్ మలుపుల ఎట్ల ఒరుగుతదో చూసే ఉంటరు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌ల కూడా గట్టిగ తిప్పితే మొత్తం బరువుల నాలుగో వంతు దాకా లోపలి టైర్ల మీది నుంచి బయటి టైర్ల మీదికి పోతది, కానీ లోపలి టైర్ పోగొట్టుకున్నంత గ్రిప్ బయటిదానికి రాదు. 1997ల మెర్సిడెస్ ఏ-క్లాస్ కారు స్వీడన్‌ల మూస్ టెస్ట్‌ల, అంటే అడ్డమొచ్చినదాన్ని తప్పించినట్టు టక్కున పక్కకు తిప్పి మళ్ల లైన్‌లకు తెచ్చే పరీక్షల, బోల్తా పడింది, తర్వాత దానికి ఈఎస్‌పీ (బండి జారకుండ ఒక్కో చక్రానికి తనంతట తనే బ్రేక్ వేసే సిస్టం) స్టాండర్డ్‌గ పెట్టిన్రు. అది స్లాలమ్ కాదు గానీ బరువు ఇటు నుంచి అటు మారుడు అదే.

చేయాల్సింది, కోన్ రాకముందే తిప్పుడు మొదలుపెట్టాలె. దారిల అన్నిటికన్నా పక్కకు పోయే చోటు కోన్‌కి కొంచెం ముందే రావాలె, కోన్ దాటేటప్పటికి ముక్కు తర్వాతి దాని దిక్కు తిరిగి ఉండాలె. చూపు రెండు కోన్ల ముందు, కాలు యాక్సిలరేటర్ మీద ఒకే తీరుగ. తగ్గించాల్సొస్తే స్టీరింగ్ నేరుగ ఉన్న ఆ క్షణంల మెల్లగ తగ్గించండి.

హైవే మీద పోలీసులు అడ్డంగ పెట్టే బారికేడ్ల మధ్య మాత్రం ఇది ట్రై చేయొద్దు, దండం పెడ్తా. మన్ననూర్ దాటినంక శ్రీశైలం ఘాట్ మలుపుల్ల నెమ్మదిగ పోయేటప్పుడు మాత్రం ఈ ముందే తిప్పే అలవాటు బాగ పనికొస్తది, వెనక కూర్చున్న పిల్లలు అటుఇటు ఊగరు.

మొదలుపెట్టే ముందు రోడ్డు ఊడ్వండి. మట్టి ఉండి గ్రిప్ 0.5కి పడితే ఆ 53 కాస్తా 42 అయితది.