లెక్కకు అందని సొట్ట: బక్లింగ్ ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్ర: బీటెక్ మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. పలుచటి గోళాకార షెల్స్ బయటి ఒత్తిడికి ఎలా బక్లింగ్ అవుతాయన్నది (ఒక్కసారిగా లోపలికి నొక్కుకుపోతాయన్నది) ప్రాజెక్టుగా తీసుకున్నాను. ఆన్సిస్ సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన విలువకూ, ప్రచురించిన ప్రయోగాల విలువలకూ పొంతన లేదు. టాపిక్ మార్చుకోమంటున్నారు. దీన్ని నమ్ముకోవచ్చా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జ: మార్చకండి. ఆ పొంతన కుదరకపోవడమే మీ ప్రాజెక్టు. ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడిగేది కూడా దాని గురించే.

చేత్తో ఒక లెక్క వేయండి. ఉక్కు గోళం, వ్యాసార్థం 1 మీటరు, మందం 2 మి.మీ., యంగ్స్ మాడ్యులస్ 200 గిగాపాస్కల్స్. గోళం బక్లింగ్ అయ్యే ఒత్తిడికి 1915లో జోయెల్లీ ఇచ్చిన సూత్రం: 1.21 × యంగ్స్ మాడ్యులస్ × (మందం ÷ వ్యాసార్థం)². జవాబు దాదాపు 9.7 బార్. ఇప్పుడు ప్రెషర్ ట్యాంకుల డిజైన్‌కు వాడే ఏఎస్ఎంఈ కోడ్ సెక్షన్ 8, డివిజన్ 1 చూడండి. ఎలాస్టిక్ పరిధిలో (లోహం శాశ్వతంగా వంగక ముందు) అక్కడా ఇదే సూత్రం, కాకపోతే 1.21 బదులు 0.0625. జవాబు 0.5 బార్! ట్యాంకులో పూర్తి వాక్యూమ్ ఏర్పడితే బయటి గాలే 1 బార్ నొక్కుతుంది. సిద్ధాంతం తొమ్మిది రెట్లు భద్రమన్న ట్యాంకును కోడ్ ఒప్పుకోదు. కనీసం 3 మి.మీ. ప్లేటు కావాలి, తుప్పుకు వదిలే మందం అదనం.

ఈ తేడాలో కొంత భద్రతా గుణకం, చాలా భాగం సొట్టలు. ప్లేటును ప్రెస్ చేసినప్పుడో, వెల్డు చల్లారి కుంచించుకున్నప్పుడో ప్లేటు మందమంత లోతు సొట్ట పడితే చాలు, గోళం మోసే ఒత్తిడి సిద్ధాంత విలువలో ఐదో వంతు దగ్గరికి జారిపోవచ్చు. ఇక్కడ ఆ లోతు 2 మి.మీ., కంటికి ఆనదు. 1939లో కార్మన్, సియెన్ అనే శాస్త్రవేత్తలు ఈ తేడాకు కారణం వెతికారు. చిన్న లోపాల ప్రభావాన్ని పక్కా సిద్ధాంతంగా నిలబెట్టింది 1945లో కోయిటర్.

మీరు చేసింది లోపం లేని గోళాన్ని ఊహించుకునే ఐగెన్‌వాల్యూ బక్లింగ్ విశ్లేషణ ఒక్కటే అయ్యుంటుంది. అది జోయెల్లీ విలువనే తిప్పి చెబుతుంది. అక్కడ ఆగకుండా, వచ్చిన మోడ్ ఆకారాన్ని (గోళం నొక్కుకుపోయే తీరును) మోడల్‌లో లోపంగా పెట్టి (లోతు మందంలో 0.1, 0.5, 1 రెట్లు), నాన్‌లీనియర్ విశ్లేషణ ఆర్క్‌లెంగ్త్ పద్ధతిలో (ఒత్తిడినీ వంపునూ కలిపి అడుగడుగునా లెక్కించే తీరు) నడపండి. మామూలు లోడ్ కంట్రోల్‌తో పోతే గరిష్ఠ ఒత్తిడి దగ్గర సొల్యూషన్ కన్వర్జ్ కాక ఆగిపోతుంది. ఎలిమెంట్ సైజు √(వ్యాసార్థం × మందం)లో సగం దాటకూడదు, ఇక్కడ 22 మి.మీ. సమయం కలిసొస్తుందని పావు గోళం మోడల్ చేస్తే ఆ సిమెట్రీలో ఇమడని మోడ్లన్నీ ఎగిరిపోతాయి. మెటీరియల్ ప్లాస్టిసిటీ కూడా ఇవ్వండి: 9.7 బార్ దగ్గర గోడ లోహంలో స్ట్రెస్ 242 మెగాపాస్కల్స్, మైల్డ్ స్టీల్ యీల్డ్ (శాశ్వతంగా వంగడం మొదలయ్యే స్థాయి) 250.

దగ్గర్లోని ఫ్యాబ్రికేషన్ షాపులో ఒక డిష్ ఎండ్ (ట్యాంకు చివరి గుండ్రటి మూత) కొలవగలిగితే మరీ మంచిది. అసలు వ్యాసార్థానికి కోసిన టెంప్లేట్ పెట్టి, ఫీలర్ గేజ్‌తో సందు చూడండి. ఆ నిజమైన అంకె ముందు వంద రంగుల కాంటూర్ బొమ్మలు దిగదుడుపే.

ఇక దారులు. విశాఖ ఎన్ఎస్‌టీఎల్ నీటి అడుగు ఆయుధాల ల్యాబ్. అది డీఆర్‌డీవోది, అందుకని గేట్ స్కోరు ముఖ్యం. చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్ఐవోటీ, మనుషుల్ని సముద్రం లోతుకు పంపే సముద్రయాన్ కోసం చేయిస్తున్న మత్స్య 6000 వాహనంలో మనుషులు కూర్చునేది 2.1 మీటర్ల వ్యాసం, 80 మి.మీ. మందం ఉన్న టైటానియం గోళం. అక్కడికెళ్లి బక్లింగ్ అని ఊదరగొట్టకండి: 6,000 మీటర్ల లోతులో ఒత్తిడి దాదాపు 600 బార్, జోయెల్లీ సూత్రం 7,700 బార్ చూపిస్తుంది. అంత మందపాటి గోళానికి ఆ సూత్రం వర్తించదు. అక్కడ అసలు భయం గోడ యీల్డ్ కావడం, ఆపైన వెల్డులు. మీ సూత్రం ఎక్కడ చెల్లదో చెప్పగలిగితే సగం ఇంటర్వ్యూ గట్టెక్కినట్లే.

ఎంటెక్‌కి ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజనీరింగ్, అప్లైడ్ మెకానిక్స్, ఐఐటీ ఖరగ్‌పూర్ నేవల్ ఆర్కిటెక్చర్ చూడండి. వెంటనే ఉద్యోగం కావాలంటే హైదరాబాద్, బెంగళూరుల్లోని ఇంజనీరింగ్ సర్వీసుల కంపెనీల్లో సీఏఈ (కంప్యూటర్‌లో డిజైన్ విశ్లేషణ) పోస్టులున్నాయి. రెజ్యూమెలో ‘ఆన్సిస్ వచ్చు’ అనే బదులు, ఎంత లోతు సొట్టకు ఎంత బలం తగ్గిందో మీ గ్రాఫ్ అంకెలతో ఒక్క వాక్యం రాయండి.