అమెరికా సుంకం, అల్లూరు రొయ్య

ప్రశ్న: నేను నెల్లూరులో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. 'అంతర్జాతీయ సంబంధాల సిద్ధాంతాలను ఏదైనా ఒక ప్రపంచ సమస్యకు అన్వయించండి' అని అసైన్‌మెంట్ ఇచ్చారు. క్లాసులో అందరూ ఉక్రెయిన్, గాజా, వాతావరణ మార్పు అని తలా ఒకటి పంచేసుకున్నారు. మా నాయన అల్లూరు దగ్గర గుంటలు కౌలుకు తీసుకుని వనామి రొయ్య వేస్తాడు. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. దీని మీదే రాస్తానంటే ఫ్రెండ్స్ నవ్వుతున్నారు, రొయ్యలు ప్రపంచ సమస్య ఎట్లా అవుతాయని. రాయొచ్చా? రాస్తే ఏ సిద్ధాంతం సరిపోతుంది?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: రాయండమ్మా, నిక్షేపంగా రాయండి. ఉక్రెయిన్ మీద రాసేవాళ్ళంతా ఒకే గైడు చూసి రాస్తారు, దిద్దే మేష్టారికి పదో పేపరు దగ్గరే ఆవలింతలు మొదలవుతాయి. అయినా మీ రొయ్యకి ఉక్రెయిన్‌తో సంబంధం లేదని ఎవరన్నారు? 2025 ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకు మీద 25 శాతం వేసింది, అదే నెల 27 నుంచి ఇంకో 25 కలిపింది, ఆ రెండో 25కి చూపించిన కారణం మనం రష్యా దగ్గర చమురు కొంటున్నామని. అంటే అక్కడి యుద్ధం పేరు చెప్పి వేసిన జరిమానా తిన్నగా ఇసకపల్లి గుంటల గట్టు మీదకొచ్చి కూర్చుంది. దీనికి తోడు రొయ్యల మీద పాత యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకి తెచ్చి తోస్తున్నారని వేసేది) ఒకటి, 2024 చివర్లో తగిలించిన కౌంటర్‌వెయిలింగ్ సుంకం (మన సర్కారు సబ్సిడీ ఇస్తోందని దానికి బదులుగా వేసేది) ఇంకొకటి, మన ఎగుమతిదారుల్లో చాలామందికి అది 5.77 శాతం. అన్నీ కలిపితే అప్పట్లో 58 శాతం దాటింది. 2024-25లో దేశం నుంచి బయటికెళ్ళిన సముద్ర ఉత్పత్తుల విలువ 62 వేల కోట్ల పైచిలుకు, అందులో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ ఐసు చేసిన రొయ్యే, దాన్ని అందరికంటే ఎక్కువ కొనేది అమెరికా. ఇక మీ ఫ్రెండ్స్‌ని ఇంకోసారి నవ్వమనండి.

సరే, సిద్ధాంతాల సంగతి. మామూలుగా పిల్లలు ఏం చేస్తారంటే, రియలిజం ఇలా అంటుంది, లిబరలిజం అలా అంటుంది, కన్‌స్ట్రక్టివిజం ఇంకోలా అంటుంది అని మూడు పేరాలు రాసి, చివర్న అన్నిట్లోనూ కొంత నిజం ఉందని ముగిస్తారు. దానికి పాస్ మార్కులొస్తాయి, అంతే. మీరు అలా కాకుండా ముందు ఒక చిక్కు ప్రశ్న పట్టుకుని, ఏ సిద్ధాంతం దాన్ని విప్పగలదో చూడండి. నేనైతే ఈ ప్రశ్న పట్టుకుంటాను: రష్యా చమురు మనకంటే ఎక్కువ కొనేది చైనా. మరి ఆ పేరుతో అదనపు 25 శాతం పడింది మన మీద, చైనా మీద పడలేదు. ఎందుకని?

రియలిస్టు దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. పైన పోలీసు లేడు, కోర్టు లేదు, బలం ఉన్నోడు చేయగలిగింది చేస్తాడు, లేనోడు పడతాడు, చైనా బలమైనది కాబట్టి వదిలేశారు. వినడానికి బాగానే ఉంది, కానీ బలం అంటే ఏమిటో చెప్పకపోతే ఆ జవాబుకి విలువ లేదు. అమెరికా చైనాని చూసి వెనక్కి తగ్గింది యుద్ధనౌకలు లెక్కపెట్టుకుని కాదు. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన ఖనిజాల ఎగుమతికి లైసెన్సు పెట్టింది, కొన్ని వారాలకే కార్ల కంపెనీలు వాటితో చేసే అయస్కాంతాలు దొరకడం లేదని గోల పెట్టాయి. అదీ దెబ్బంటే. మనం అమెరికాకి పంపేది రొయ్య. అది దొరక్కపోతే వాళ్ళ ఫ్యాక్టరీ ఏదీ ఆగదు.

ఇక్కడ మీకు పనికొచ్చేది రాబర్ట్ కోహేన్, జోసెఫ్ నై 1977లో చెప్పిన మాట. రెండు దేశాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయి అంటే ఇద్దరూ సమానంగా ఆధారపడ్డారని కాదు. లావాదేవీ ఆగిపోతే ముందు ఇద్దరికీ దెబ్బ తగులుతుంది, అది ఒక లెక్క. ఆ తర్వాత ఎవరికి వేరే దారి ఉంది, ఆ దారికి మళ్ళడానికి ఎంత ఖర్చవుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది, అది అసలు లెక్క. వేరే దారి ఉన్నవాడిదే పైచేయి. మీ అసైన్‌మెంట్‌కి వెన్నెముక ఇదే కావాలని నా అభిప్రాయం, మిగతావన్నీ దీని చుట్టూ తిప్పండి.

ఇప్పుడు రొయ్యకి ఆ లెక్క వేయండి. అమెరికాలో తినే రొయ్యలో 90 శాతానికి పైగా బయట నుంచి వచ్చేదే, కాబట్టి సుంకం వేస్తే వాళ్ళకీ ధర పెరుగుతుంది, నిజమే. కానీ వాళ్ళకి ఈక్వడార్ ఉంది. అదీ వనామియే, ఓడ ప్రయాణం మనకంటే దగ్గర, మన మీద 50 వేసిన రోజున దాని మీద 15 శాతమే. వియత్నాం మీద 20, ఇండోనేషియా మీద 19. ఒలిచి, తోకలు ఉంచి, వండడానికి సిద్ధంగా ప్యాక్ చేసి పంపే పనిలో మన ప్లాంట్లకి ఇంకా చెయ్యి తిరిగిన పేరుంది, అది ఒక్కటే మనకి ఆసరా, అదీ ఎదుటివాళ్ళు నేర్చుకోలేని విద్యేం కాదు.

అయితే క్లాసుల్లో ఈ సిద్ధాంతాన్ని మామూలుగా దేశాల దగ్గరే ఆపేస్తారు. మీరు ఆగకండి, గట్టు మీదకి తీసుకురండి, ఎందుకంటే అది మీ ఇంట్లో జరుగుతున్నది, గైడులో దొరకనిది. కొనేవాళ్ళ మనిషి వస్తాడు, విసురు వల వేయిస్తాడు, పడిన రొయ్యని కిలో తూచి లెక్కపెట్టిస్తాడు, యాభై ఉంటే యాభై కౌంట్, డెబ్బై ఉంటే డెబ్బై కౌంట్, ఆ కౌంట్‌కి ఆ రోజు రేటు. రేటు ఇంతేనా అంటే పైనుంచి ఇంతే చెప్పారంటాడు. మీ నాయన ఎన్నాళ్ళు ఆపగలడు? ధాన్యమైతే బస్తాల్లో వేసి రెండు నెలలు చూస్తాడు. గుంటలో రొయ్య రోజూ మేత తింటుంది, రాత్రంతా ఏరేటర్లు తిరగాలి, కరెంటు పోతే డీజిల్ పొయ్యాలి, ఈలోగా వైట్‌స్పాట్ అనే వైరస్ జబ్బు కనబడిందంటే ఏ రేటు వస్తే ఆ రేటుకి పట్టేయాల్సిందే. అమెరికా సూపర్‌మార్కెట్ వాడు ఈక్వడార్‌కి ఫోన్ చేసుకుంటాడు, ఇక్కడి ప్లాంటు వాడు కోల్డ్ స్టోరేజీలో పెట్టి కొన్నాళ్ళు చూస్తాడు. ఆగలేనివాడు రైతొక్కడే, అందుకే దెబ్బ జారుతూ జారుతూ అతని దగ్గరికే వస్తుంది. సాక్ష్యం కావాలంటే 2025 ఏప్రిల్ చూడండి: 2వ తేదీన మన మీద 26 శాతం అని ప్రకటించారు, 9న ఆ 26ని తొంభై రోజులు వాయిదా వేసి అందరికీ వేసిన 10 మాత్రం ఉంచారు. ఆ 26 ఒక్క రోజుకి మించి నిలవలేదు, కానీ గట్టు మీద రేటు మాత్రం ఆ వారంలోనే పడిపోయింది, ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరం రాయాల్సి వచ్చింది.

లిబరలిజాన్ని కూడా తీసిపారేయకండి, దానికి రొయ్యల్లో మంచి చరిత్రే ఉంది. సముద్రపు తాబేళ్ళు వలల్లో పడి చస్తున్నాయని, వాటిని తప్పించే పరికరం పెట్టని దేశాల రొయ్య కొనబోమని అమెరికా అంటే, భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకి వెళ్ళాయి. భారత్, పాకిస్తాన్ ఒకే పక్షాన నిలబడ్డ కేసు, గుర్తుపెట్టుకోండి, ఎగ్జామినర్‌కి నచ్చుతుంది. 1998లో ఆ సంస్థ అప్పీళ్ళ మండలి ఏమందంటే, తాబేళ్ళని కాపాడటం తప్పు కాదు, కానీ కరీబియన్ వైపు దేశాలకి మూడేళ్ళు గడువిచ్చి ఈ నాలుగు దేశాలకి నాలుగు నెలలే ఇవ్వడం వివక్ష అంది. తర్వాత యాంటీ డంపింగ్ సుంకానికి పూచీగా భారీ బాండ్లు కట్టమంటే మనం మళ్ళీ వెళ్ళాం, 2008లో తీర్పు మనకి అనుకూలంగా వచ్చింది. అంటే నియమాలు, సంస్థలు బలవంతుణ్ణి కూడా కొంత కట్టేస్తాయన్న మాట ఒకప్పుడు ఉత్త మాట కాదు. ఇప్పుడా అప్పీళ్ళ మండలిలో సభ్యులే లేరు, కొత్తవాళ్ళని వేయకుండా అమెరికా అడ్డుపడటంతో 2019 డిసెంబర్ నుంచి అది పనిచేయడం లేదు. కోర్టు భవనం ఉంది, జడ్జీలు లేరు.

కన్‌స్ట్రక్టివిజం, అంటే దేనికి ఏ అర్థం ఇచ్చుకుంటాయో దాన్ని బట్టే దేశాలు నడుస్తాయనే వాదం, దాని గురించి ఒక పేరా చాలు. మొన్నటిదాకా మనల్ని వ్యూహాత్మక భాగస్వామి అన్నవాళ్ళే రష్యా యుద్ధానికి డబ్బు పోస్తున్నవాళ్ళు అనేసరికి, అదే చమురు, అదే ఓడలు, అర్థం మాత్రం మారిపోయింది. అది రాయండి. తాబేలు సంగతి కూడా ఇక్కడే పనికొస్తుంది. మన తీరంలో చలికాలం చివర ఆలివ్ రిడ్లేలు చచ్చి కొట్టుకొస్తుంటే దశాబ్దాల పాటు ఎవరికీ పట్టలేదు, అదొక అంతర్జాతీయ విషయం అయింది ఎవరో కొందరు అవ్వాలని పట్టుబట్టాకే.

డిపెండెన్సీ వాదం, అంటే పేద దేశాలు పెద్ద దేశాల మీద ఆధారపడేలా వ్యాపారం అల్లుకుని ఉంటుందనే వాదం, దాని గురించి ఎక్కువమంది రాయరు, మీరు రాయండి. వనామి మన రొయ్య కాదు, మెక్సికో నుంచి పెరూ దాకా పసిఫిక్ తీరంలో ఉండే జాతి. టైగర్ రొయ్యని వైట్‌స్పాట్ తినేశాక, 2009లో దీనికి అనుమతిచ్చారు. తల్లి రొయ్యలు చాలావరకు అమెరికా నుంచే విమానంలో వస్తాయి, చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉండి హ్యాచరీలకి వెళతాయి, అక్కడ వాటికి పుట్టిన పిల్లలు సీడుగా మీ గుంటకొస్తాయి. తల్లీ అక్కడిదే, తినే నోరూ అక్కడే, మధ్యలో నీళ్ళు, కరెంటు, అప్పు, జబ్బు మాత్రం మనవి. అయితే ఈ వాదాన్ని మరీ ముందుకి లాగితే రైతు వట్టి బాధితుడిగా మిగులుతాడు. మన జిల్లాల్లో వనామి మొదటి ఏళ్ళలో సంపాదించినవాళ్ళని మీరూ చూసే ఉంటారు, ఆ డబ్బూ అబద్ధం కాదు.

ప్రశ్న: ఇదంతా ట్రంప్ ఒక్కడి తిక్క. ఆయన దిగిపోతే అన్నీ సర్దుకుంటాయి. దీనికి సిద్ధాంతాలెందుకు, బుర్ర తినడానికి కాకపోతే?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మేష్టారూ, సగం ఒప్పుకుంటాను. 50 శాతం అన్న అంకె వెనక, అది వచ్చిన తీరు వెనక ఆ మనిషి ఉన్నాడు, కాదనను. కెన్నెత్ వాల్ట్స్ అనే ఆయన 1959లోనే చెప్పాడు, గొడవలకి కారణం మూడు చోట్ల వెతకాలని: మనిషిలో, దేశం లోపల, దేశాల మధ్య ఉన్న ఏర్పాటులో. మీరు మొదటి చోటే ఆగిపోతున్నారు. మన రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం వచ్చింది 2005లో, అప్పుడు బుష్. అప్పీళ్ళ మండలిలో నియామకాలకి అడ్డు తగలడం 2016లో మొదలైంది, అప్పుడు ఒబామా. ట్రంప్ దాన్ని పూర్తి చేస్తే, తర్వాత వచ్చిన బైడెన్ తలుపు తెరవలేదు. 5.77 శాతం సుంకం కూడా బైడెన్ హయాంలోనిదే. నలుగురు అధ్యక్షులు, రెండు పార్టీలు.

వాళ్ళందరినీ కలిపేది లోపల ఉంది. లూసియానా, టెక్సాస్ తీరాల్లో పడవలేసుకుని రొయ్యలు పట్టేవాళ్ళు, పెంపకం రొయ్య వచ్చి మా ధర చంపేసిందని ఇరవై ఏళ్ళకి పైగా మొత్తుకుంటున్నారు. ఓట్లు వాళ్ళవి. వాళ్ళ బాధ దొంగ బాధ కూడా కాదు, డీజిల్ ఖర్చు రాక పడవలు కట్టేసుకున్నవాళ్ళు అక్కడా ఉన్నారు. మన కొత్తపట్నం మనిషికీ వాళ్ళకీ మాట కలిస్తే ధర గురించి ఇద్దరూ ఒకే తిట్టు తిడతారేమో. కాబట్టి సుంకం అంకె పెరగొచ్చు, తగ్గొచ్చు, రేపు ట్రంప్ వెళ్ళిపోవచ్చు, కానీ ఆ తీరం అక్కడే ఉంటుంది.

ప్రశ్న: అమెరికా కొనకపోతే మనమే తిందాం. దీనికింత గోలెందుకు?
– ఒక రొయ్యల రైతు, సింగరాయకొండ

జవాబు: అన్నా, తినాలనే ఉంది. కానీ మన జనం సంతలో చేపకి పెట్టినంత రొయ్యకి పెట్టరు, పైగా ఐసు బండి, ఫ్రీజర్ ఉన్న అంగడి లేకుండా సరుకు కర్నూలు దాకా కూడా మంచిగా చేరదు. అది పెరగాల్సిందే గానీ ఒక పంటలో పెరిగేది కాదు. ఈలోగా తెరుచుకుంటున్న దారి వేరే దేశాలు. బ్రిటన్‌తో 2025 జూలై 24న ఒప్పందం మీద సంతకాలయ్యాయి, దాని ప్రకారం మన రొయ్య మీద అక్కడ సుంకం ఉండదు. యూరోపియన్ యూనియన్ అదే ఏడాది సెప్టెంబర్‌లో మన దేశంలోని ఇంకో 102 సముద్ర ఉత్పత్తుల యూనిట్లకి అనుమతిచ్చింది. కాకపోతే యూరప్ వాళ్ళు మన పెంపకం రొయ్య కంటైనర్లలో సగానికి సగం తీసి యాంటీబయాటిక్ ఉందేమో చూస్తారు, పట్టుబడికి ముందు పరీక్ష చేయించిన కాగితం కూడా కావాలి. మీ గుంటకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (తీరం వెంట రొయ్యల గుంటల్ని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ లేకపోతే ముందు అది చేయించండి, షాపువాడు జబ్బుకి ఇచ్చే పేరులేని పొడి ఏదైనా ఉంటే అందులో ఏముందో చెప్పేదాకా నీళ్ళల్లో చల్లకండి.