శక సంవత్సరాలు, ఫసలీ ఫైళ్లు, మన ఇంటిపేర్లు: ఫుట్‌నోట్లలో ఎట్లా రాయాలి?

పాకాల, రామప్ప చెరువుల మీద రాసిన వ్యాసాన్ని ఇంగ్లిష్ హిస్టరీ జర్నల్‌కు పంపాలి, వాళ్లు షికాగో పద్ధతి (ఆధారాలను ఫుట్‌నోట్లలో చూపించే ఒక పద్ధతి) అడుగుతున్నారు, నా దగ్గరేమో శాసనాలు, నిజాం కాలం ఫైళ్లు, ఊరి పెద్దలు చెప్పిన సంగతులు ఉన్నాయి, వీటిని ఎట్లా చూపించాలి అని మీరు అడిగారు. నేనూ హనుమకొండలో ఉండే ఈ పని నేర్చుకున్నాను. నా మొదటి వ్యాసం రెండుసార్లు వెనక్కి వచ్చింది. రెండుసార్లూ విషయం బాగుందన్నారు, ఫుట్‌నోట్లు సరిచేయమన్నారు. అందుకే మీకు కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

కామాలు, చుక్కల సంగతి చిన్నది, ముందే తేల్చేద్దాం. ఫుట్‌నోట్‌లో రచయిత పేరు మామూలు వరుసలో ఉంటుంది, మధ్యలో కామాలు, ప్రచురణ వివరాలు బ్రాకెట్లో, చివర పుట సంఖ్య. గ్రంథసూచిలో, అంటే చివర ఇచ్చే ఆధారాల జాబితాలో, పేరు తిరగబడుతుంది, కామాల చోట చుక్కలు వస్తాయి, బ్రాకెట్లు పోతాయి, పుస్తకానికి పుట సంఖ్య ఉండదు. అదే పుస్తకాన్ని రెండోసారి చెప్పేటప్పుడు రచయిత పేరు, శీర్షికలో ముఖ్యమైన రెండు మూడు మాటలు, పుట చాలు. పైన చెప్పిందే అనడానికి ‘ఐబిడ్’ అని రాసే అలవాటును 2017లో వచ్చిన షికాగో మాన్యువల్ 17వ కూర్పు నుంచే వద్దంటున్నారు. 2024 నాటి 18వ కూర్పు పుస్తకాలకు ప్రచురణ స్థలం కూడా అక్కర్లేదంది. మీ జర్నల్ ఏ కూర్పు పాటిస్తుందో వాళ్ల సూచనల్లో చూడండి, వాళ్ల మాటే చెల్లుతుంది. ఆధారాల వివరాలు దాచి ఫుట్‌నోట్లు తయారుచేసే జొటెరో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఈ పనిలో చాలా భాగం అదే చేస్తుంది, ఉచితం కూడా.

జొటెరోకు తెలియనిది మన పేర్లు. సింథియా టాల్బట్ అని రాస్తే గ్రంథసూచిలో ‘టాల్బట్, సింథియా’ అవుతుంది, ఇబ్బంది లేదు. కాకతీయుల మీద రాసేవాళ్లెవరికీ పి. వి. పరబ్రహ్మ శాస్త్రి 1978 పుస్తకం తప్పదు కదా, ఆ పేరు ఇస్తే మాత్రం ‘శాస్త్రి, పి. వి. పరబ్రహ్మ’ అని వస్తుంది. అది పేరును నిలువునా నరకడమే. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఆ ‘పి’లోనే ఉంది. పరబ్రహ్మ శాస్త్రి అంతా కలిపి ఒక్క పేరు. ‘పరబ్రహ్మ శాస్త్రి, పి. వి.’ అని రావాలంటే జొటెరోలో ఇంటిపేరు గడిలో పరబ్రహ్మ శాస్త్రి అనీ, రెండో గడిలో అక్షరాలూ మీరే పెట్టాలి. సురవరం ప్రతాపరెడ్డి అయితే ‘ప్రతాపరెడ్డి, సురవరం’. రెండోసారి ‘రెడ్డి’ అని మాత్రం కుదించకండి. తెలంగాణ చరిత్ర వ్యాసంలో రెడ్లు, రావులు ఎంతమంది వస్తారో మీకు తెలుసు, చదివేవాళ్లు ఎవరినని వెతుక్కుంటారు?

ఇక శాసనాలు. నా వ్యాసం మొదటిసారి వెనక్కి వచ్చింది వేయిస్తంభాల గుడి శాసనం దగ్గరే. అందులో శక వర్షం 1084, చిత్రభాను సంవత్సరం, మాఘ శుద్ధ 13, వడ్డవారం అని ఉంది. శకానికి 78 కలపాలని చిన్నప్పటి నుంచీ విన్నదే, కలిపి 1162 అని రాశాను. కానీ చైత్రంలో మొదలైన శక సంవత్సరంలో మాఘం వచ్చేసరికి ఇంగ్లిష్ కొత్త ఏడాది పడుతుంది. అది 1163 జనవరి 19, శనివారం. వడ్డవారమంటే శనివారమే, అంటే శాసనంలోని వారం కూడా సరిపోయింది. అప్పటి నుంచి శాసనం తేదీని ముందు దాని మాటల్లోనే రాసి, పక్కన సామాన్య శకం (ఇంగ్లిష్ ఏడాది) తేదీ ఇస్తున్నాను. మీరూ అట్లాగే చేయండి, లెక్కలో తప్పు జరిగినా చదివేవాళ్లు దిద్దుకోగలుగుతారు.

శాసనాన్ని మీరు రాతి మీద చదివారా, అచ్చులో చదివారా అన్నది కూడా దాచకూడదు. వేయిస్తంభాల గుడిలోని ఈ రుద్రదేవుడి శాసనాన్ని శాసన పరిశోధకుడు ఫ్లీట్ 1882లో ఇండియన్ యాంటిక్వరీ అనే పత్రిక 11వ సంపుటిలో అచ్చువేశాడు. ఆ పాఠం చూసి రాస్తే ఫ్లీట్‌నే చెప్పాలి. పరబ్రహ్మ శాస్త్రి పుస్తకంలో ఎత్తిరాసిన నాలుగు పంక్తులే చదివితే, ఫలానా పుస్తకంలో ఉదహరించినట్టు అని చెప్పాలి. ఫ్లీట్ శీర్షికలో ఊరు ‘అన్మకొండ’ అని ఉంటే దాన్ని హనుమకొండ అని దిద్దకండి, శీర్షిక అచ్చయినట్టే ఉండాలి. జిల్లాల పేర్లూ అంతే. 1974 నాటి వరంగల్ జిల్లా శాసనాల సంపుటిని ఆ పేరుతోనే చెప్పండి. రామప్ప చెరువున్న పాలంపేట 2019 నుంచి ములుగు జిల్లాలో ఉందన్న సంగతి మీ వ్యాసంలో ఒక్క వాక్యంలో చెబితే సరిపోతుంది.

నిజాం కాలం ఫైళ్లలో తేదీలు ఫసలీలో, అంటే అప్పటి ప్రభుత్వ లెక్కల సంవత్సరంలో, ఉంటాయి. ఇంగ్లిష్ ఏడాది కోసం 590 కలపడం అందరికీ తెలుసు, కానీ హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదట్లో ఆజుర్ నెలతో మొదలవుతుంది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు ఆ ఏడాది చివర్లో పడుతుంది. పరకాల కాల్పులు 1947 సెప్టెంబరు 2న జరిగాయి, అది ఇంకా 1356. నెల తెలియనప్పుడు ‘1357 ఫసలీ (1947–48)’ అని రెండేళ్లూ రాయండి.

ఫైలును ఫుట్‌నోట్‌లో చిన్నదాని నుంచి పెద్దదానికి చెప్పుకుంటూ పోవాలి: ఆ ఉత్తరం ఏమిటి, తేదీ, ఫైలు నంబరు, శాఖ, చివర తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ పేరు. గ్రంథసూచిలో ఒక్కో ఉత్తరం రాయక్కర్లేదు, మీరు చూసిన శాఖల రికార్డులు, ఆర్కైవ్స్ పేరు చాలు. ఒకసారి నేను మూడు రోజులు కూర్చుని ఒక చెరువు మరమ్మతు ఫైలు మొత్తం నోట్సు రాసుకున్నాను. ఫైలు నంబరు రాసుకోలేదు. ఆ ఒక్క అంకె కోసం మళ్లీ కాజీపేటలో రైలెక్కాల్సి వచ్చింది. ఇప్పుడు కాగితం మీద మొదట నంబరు, తర్వాతే విషయం.

ఊరి పెద్దలు చెప్పిన మాటలకు వాళ్ల పేరు, ఊరు, మాట్లాడిన తేదీ ఫుట్‌నోట్‌లో ఇస్తే చాలు, గ్రంథసూచిలో సాధారణంగా అక్కర్లేదు. కానీ పేరు అచ్చు వేస్తానని వాళ్లకు ముందే చెప్పండి. పాకాల కింద నీరటి పని (పొలాలకు నీళ్లు పంచే పని) చేసిన ఒక తాత పేరు వేయమన్నాడు, తండ్రి పేరు కూడా వేయమని అడిగాడు. ఇంకో అవ్వ వద్దంది, అక్కడ ‘ఒక మహిళా రైతు’ అని ఊరు, తేదీ మాత్రం రాశాను. జర్నల్ ఒప్పుకుంది.

మీ ఆధారాల్లో ఏ పేరు తిప్పాలో, ఏ తేదీ మార్చాలో తేలనివి ఉంటే కింద రాయండి. శాసనమైతే మాసం, తిథి, వారం కూడా ఇవ్వండి, కలిసి లెక్క చూద్దాం.