రిజిస్టర్‌లో లేని కాలమ్

ప్రశ్న: నేను అనకాపల్లి జిల్లాలో ఏఎన్‌ఎంని. మా అమ్మాయి బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది. కుటుంబ నియంత్రణ సర్వేల లెక్కల మీద ఎమ్మెస్సీ చేస్తానంటోంది. ఆ లెక్కలు మేం ఇరవై ఏళ్లుగా రాస్తూనే ఉన్నాం కదా, దానికో పెద్ద చదువా? ఉద్యోగం వస్తుందో రాదోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అర్హ దంపతుల (పిల్లల్ని కనే వయసులో ఉన్న జంటల) రిజిస్టర్‌లో ఊరంతా ఉంటుంది, కాదనను. కానీ అందులో ఉండేది ఎవరు ఏం వాడారన్నదే. ఆ ఇల్లాలికి ఏం కావాలో, ఆమెకి ఎవరైనా ఏమైనా చెప్పారో లేదో రాయడానికి కాలమ్ ఉండదు. పైగా టార్గెట్ పెట్టే శాఖే లెక్కా రాస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా!

మన రాష్ట్రం సంగతే చూడండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ అర శాతం కూడా లేదు. లూపు, మాత్రలు, నిరోధ్ అన్నీ కలిపినా రెండు శాతం దాటవు. రిజిస్టర్ చూస్తే టార్గెట్ అందినట్టే. కానీ ఆపరేషన్ అయినవాళ్లలో సగానికి పైగా పాతికేళ్లు నిండకముందే చేయించుకున్నారు. మరి మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ మధ్య ఏం వాడినట్టు? 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భం రాకుండా ‘అంతర’ అనే ఇంజెక్షన్, ‘ఛాయా’ అనే మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. అవి అందడం లేదా, అసలు ఎవరూ చెప్పడం లేదా? ఇతర పద్ధతుల గురించి చెప్పారా, దుష్ప్రభావాలు చెప్పారా అని ఆ సర్వేలో విడిగా అడుగుతారు. జవాబులను వయసు, చదువు, ప్రాంతం వారీగా విడదీసి చూస్తే స్టాక్ పంపాలా, సిబ్బందికి ట్రైనింగ్ ఇవ్వాలా అన్నది తేలుతుంది. మీ అమ్మాయి చేయబోయే పని అదే.

దీనికీ ఓ హద్దుంది. ఈ సర్వే జిల్లా దాకే చెబుతుంది, మండలం లెక్క చెప్పలేదు. ఆ మాట పై అధికారుల ముందు అనడానికి కాస్త ధైర్యం కావాలి.

చదువుకి మొదట చూడాల్సింది ముంబై దేవనార్‌లోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ. కేంద్ర ఆరోగ్య శాఖ కిందిది. ఈ సర్వే చేయించేది కూడా వాళ్లే. బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం)లో ఎమ్మెస్సీ ఉంది, ఎంట్రన్స్ రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనే జనాభా పరిశోధన కేంద్రం ఉంది, ఒకసారి వెళ్లి మాట్లాడి రమ్మనండి. ఈలోగా లెక్కలు విశ్లేషించే సాఫ్ట్‌వేర్ ఏదైనా, ఆర్ (R) గానీ స్టాటా (Stata) గానీ, నేర్చుకోవాలి. ఫీల్డుకి హిందీ పనికొస్తుంది.

ఉద్యోగాలున్నాయి, కానీ చాలావరకు ప్రాజెక్టులు, కాంట్రాక్టులే. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత రాదు. ఇది తెలిసే దిగాలి.

సర్వే జిల్లా ఫ్యాక్ట్‌షీట్లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అనకాపల్లి అప్పటికి విడిపోలేదు కాబట్టి విశాఖపట్నం షీట్ తీయమనండి. పక్కన మీ రిజిస్టర్ పెట్టుకుని ఇద్దరూ ఓ ఆదివారం కూర్చోండి. రెండూ కలవని చోట ఎందుకు కలవలేదో తనకి చెప్పగలిగేది మీరే.